తుపాకీ మీది చెయ్యి

ఆగస్టు 28, బుధవారం

సాలూరు పృథ్వీరాజ్ కొట్టుకి వచ్చాడు. మనిషి కంటే ముందు సెంటు వచ్చింది. ముప్పై లారీలున్న మనిషి నా స్టూలు మీద ఎలా కూర్చుంటాడు, నిలబడే మాట్లాడాడు. అదీ నాకేసి కాదు, గోడ మీద మా నాన్న ఫోటోకేసి చూస్తూ. విజయనగరంలో తుపాకులు బాగుచేసే లైసెన్సు ఒక ఆడదాని పేరున ఉందన్న సంగతి ఆయనకి ఇంకా మింగుడు పడలేదు.

దుప్పట్లో చుట్టి తెచ్చింది విప్పాడు. మార్టినీ హెన్రీ. కింద పిడి లాగితే తెరుచుకునే ఒంటి తూటా రైఫిల్.

"మా ముత్తాతది. కొండల మీద తెల్లోళ్ళతో కొట్లాడినప్పుడు ఇదే సేతిలో ఉన్నాది," అన్నాడు.

దసరాకి సాలూరు రోడ్డు మీద ముత్తాత పేరున మందిరం తెరుస్తాడట. విగ్రహం పక్కన అద్దాల పెట్టెలో ఇది పెడతాడట. దీనికి కాగితాలేవీ లేవు. అందుకని నేను శుభ్రం చేసి, పేల్చే సూది తీసేసి, ఇది అసలైన పాత రైఫిలే, ఇక పేలదు అని నా లైసెన్సు నంబరు వేసి ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ ముత్తాత తెల్లదొరల డేరాలు మోయడానికి ఎడ్లబళ్ళు తోలించిన కంట్రాక్టరని మా నాన్న చెప్పేవాడు. ఆ మాట నేను ఎత్తలేదు.

చూశాను. కిరీటం, కింద ఆనాటి రాణి ముద్ర వి.ఆర్., ఎన్‌ఫీల్డ్, 1878. నకిలీలు చేసేవాళ్ళు చదువు లేకుండా గుడ్డిగా చెక్కుతారు, వాళ్ళ ఎన్ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఇందులో ఎన్ సరిగ్గా ఉంది. గొట్టంలో తుప్పుంది గాని లోపలి గాడులు చెడలేదు. అసలు సరుకే. కర్ర ఎప్పుడో నడుం దగ్గర చిట్లితే ఎవరో రాగి రేకు చుట్టి మేకులు కొట్టారు. పనితనం పర్లేదు.

ఈ రైఫిల్ని నేనెప్పుడూ చూడలేదు. నేనేమంటానా అని మా ఆయన మురళీమోహన్ వెనక గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చూడనిదాన్ని చూడలేదనే కదా అంటాను.

సెప్టెంబరు 2, సోమవారం

కర్ర మీద ఎన్నేళ్ళ జిడ్డో, గోరుతో గీస్తే మైనంలా లేస్తోంది. చాకలి సోడా వేణ్ణీళ్ళలో కలిపి గుడ్డతో తుడిచాను. పాత కర్రకి సోడా తగలనివ్వకూడదని పుస్తకాల్లో ఉంటుంది. మా నాన్న పుస్తకాలు చదవలేదు, నాకు చేతులతో నేర్పాడు.

భుజానికి ఆనించుకునే చోట, జిడ్డు కరిగేకొద్దీ ఎరుపు తేలింది. మొదట నా వేలు తెగిందనుకున్నాను. ఇంకా తుడిస్తే చెయ్యి. అరచెయ్యి, వేళ్ళు. చిన్నది, ఆడ చెయ్యి. బొటనవేలు, చూపుడువేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు పూర్తిగా ఉన్నాయి. నడిమి వేలు మాత్రం మొదటి కణుపు దగ్గర ఆగిపోయింది.

పారాణి కలిపిన ఏ ఆడదానికైనా తెలుసు, పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుంది. సోడా పడినా అంతే. ఎవరో ఇల్లాలు ఏటేటా దసరాకి ఈ రైఫిల్ కడిగి, తడి పసుపు చెయ్యి ఒకే చోట అద్దుతూ వచ్చింది. ముప్పయ్యో నలభయ్యో దసరాలు, ఒక చెయ్యి మీద ఒక చెయ్యి. పసుపు కర్రలోకి ఇంకిపోయింది, పైన జిడ్డు పట్టింది.

సబ్బుతో చేతులు కడుక్కుంటే నీళ్ళు ఎర్రగా పోయాయి. రోత పుట్టింది. పసుపుకి రోతేమిటి నాకు?

సెప్టెంబరు 3

పృథ్వీరాజ్ ఇంట్లో నడిమి వేలు తెగిన ఆడవాళ్ళు ఉన్నారేమో. ఉండొచ్చు.

సెప్టెంబరు 5, గురువారం

పని ఎంతవరకూ వచ్చిందో చూడ్డానికి వచ్చి, ఆ చెయ్యి చూసి కెవ్వుమన్నాడు పృథ్వీరాజ్.

"రక్తం! మురళీ, బేగి రా, ఇటు సూడు! మా ముత్తాత రక్తమిది! ఏలు తెగిపోనా తుపాకీ ఒగ్గలేదు మావోడు!"

అక్కడే నిలబడి విగ్రహం చేసేవాడికి ఫోన్ కొట్టాడు. "ఒరే, కుడిసేతి నడిమేలు సగానికి నరికీ. ఏటీ? సిమెంటు ఆరిపోతే ఏటి? నరికీ అంతన్నాను."

ఆ చెయ్యి నా చెయ్యి కంటే చిన్నదని ఆయన కంటికి ఆనలేదు. అది పసుపని నేను చెప్పొచ్చు. కానీ నన్నెవరూ అడగలేదు కదా. మా ఆయన మాత్రం తల ఊపుతూ, "ఔనౌను, రక్తమే. నానూ అదే అనుకున్నాను," అన్నాడు. పెళ్ళిలో నా కాళ్ళ పారాణి చూసి ఎంత ఎర్రగా పండిందో అని మురిసిన మనిషి.

పృథ్వీరాజ్ ఫోటోలు తీసుకున్నాడు, తుపాకీతో ఒకటి, చెయ్యితో ఒకటి, మీసం తిప్పుతూ ఒకటి. ఆ సెంటు వాసన సాయంత్రం దాకా పోలేదు. గుమ్మం కడిగించాను.

సెప్టెంబరు 11, బుధవారం

మధ్యాహ్నం ఒక ముసలమ్మ గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. తుపాకుల కొట్లోకి చెప్పులు విడిచి వచ్చేవాళ్ళని మా నాన్న పోయాక చూడలేదు. పేరు జగ్గమ్మ. నెల్లిమర్ల అవతల ఊరు, కొంచెం పొలం. మొగుడు కరోనాలో పోయాడు. చేలో పడే పందుల కోసం ఆయన తాతల నాటి తుపాకీకి లైసెన్సు ఉండేది. కిందటిసారి ఎన్నికలప్పుడు తుపాకులు అప్పగించాలంటే, ఆయన తెచ్చి మా కొట్లోనే దాచమని ఇచ్చాడట. వెనక్కి తీసుకోకముందే పోయాడు. ఈ ఏడు మళ్ళీ ఎన్నికలొస్తే స్టేషన్ వాళ్ళు తుపాకీ ఏదని అడిగారు.

"మీ కొట్లో ఉన్నాది గదా అనీసి నాను నిమ్మళంగా ఉన్నాను తల్లీ. మొన్న నువ్వు లేనప్పుడొచ్చి మీ ఆయన్ని అడిగితే, స్టేషన్‌కి ఇచ్చీసేం అన్నాడు. ఆళ్ళ కాడికెల్తే, మాకెవులూ ఇవ్వలేదంతన్నారు. ఎవులికో అమ్మీసేవు, కేసెట్టి జైల్లో ఏసీస్తాం అంతన్నారు. డెబ్బయ్యేళ్ళదాన్ని, నానేటి తుపాకీలు అమ్ముకుంతానేటమ్మా?"

మాట్లాడుతూ చేతులు బల్ల మీద పెట్టింది. కుడి చేతి నడిమి వేలు మొదటి కణుపు దగ్గర ఆగిపోయింది. నేను చూస్తున్నానని ఆవిడే చెప్పింది. "వయసులో జూటు మిల్లులో సేసేను. మిషను తినీసినాది."

మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళాను. అక్కడ పనిబల్ల మీద ఉన్న రైఫిల్ మీద గోనె కప్పాను. దుమ్ము పడుతుందని.

రసీదు ఉందా అని అడిగాను.

"ఏదో కాయితం ఇచ్చినట్టు సెప్పేడు. పెట్లో సూత్తాను. నాకు సదువు రాదు, అన్నీ ఒక్కలాగే ఉంతాయి."

వెళ్ళేటప్పుడు, "నీ మొకం సూస్తే దైర్యంగా ఉన్నాది తల్లీ," అంది. నేను నీళ్ళ గ్లాసు తీసి కడిగాను. మళ్ళీ కడిగాను.

సెప్టెంబరు 12

మిల్లులో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామంది ఉంటారు.

సెప్టెంబరు 19, గురువారం

జగ్గమ్మ రసీదు తెచ్చింది. నాలుగు మడతలు, మధ్యలో చెద తిన్న చిల్లు. మా కొట్టు ముద్ర. మార్చి 2019.

"మార్టినీ హెన్రీ రైఫిల్ ఒకటి, 1878. నడుము వద్ద రాగి రేకు కలదు. భద్రముగా ఉంచి, అడిగిన వెంటనే తిరిగి ఇవ్వగలము."

ఆ చివరి 'ము' కొమ్ము కింది గీత దాకా లాగి ఉంది. అలా లాగొద్దని బడిలో మేష్టారు నన్ను కొట్టేవారు.

"ఏటి రాసుందమ్మా?"

"తుపాకీ తీసుకున్నట్టు రాసుంది."

"ఎవులు రాసేరు?"

"కొట్టోళ్ళు," అన్నాను.

ఆవిడ కాగితం మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టింది. "నువ్వే ఉంచమ్మా. నా కాడయితే సెద తినీస్తాది."

సెప్టెంబరు 20, శుక్రవారం

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా ఎందుకు అబద్ధాలు?

ఆ రాగి రేకు మా నాన్న చుట్టింది. పదో తరగతి సెలవుల్లో పక్కన కూర్చుని మేకులు అందించింది నేను. పనితనం పర్లేదు అని రాశాను, ఛీ. ఐదేళ్ళ కిందట జగ్గమ్మ మొగుడి చేతిలోంచి ఆ రైఫిల్ అందుకున్నదీ నేనే. కరోనా రెండో ఏడు ఒక పొద్దున వెనక గదిలో తుపాకులు ఆనించే బద్ద మీద ఒక చోటు ఖాళీగా కనపడింది. మా ఆయన్ని అడగలేదు. ఆ ఖాళీలో గొడుగు తగిలించాను. పృథ్వీరాజ్ దుప్పటి విప్పిన రోజున ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. ఇచ్చినవాడికి, పుచ్చుకున్నవాడికి, గొడుగు తగిలించినదానికి.

ఇవాళ అడిగాను. అన్నం తింటున్నాడు.

"బావా, ఆ ముసిలామె తుపాకీ ఎందుకిచ్చీసేవు ఆడికి?"

"దాని మొగుడు సచ్చిపోనాడు. ఇంకెవులొస్తారనుకున్నాం? పాత ఇనుం. కొట్లో పని లేక ఈగలు తోలుకుంతన్నప్పుడు మనల్నెవులు సూసేరు? ఆడే గదా డబ్బిచ్చేడు. ఆ కాయితమేదో ఇలాగియ్యి, పొయ్యిలో ఎట్టీస్తాను."

"పొయ్యెక్కడున్నాది మనకి? గేసు," అన్నాను. అంత కోపంలో నా నోటికొచ్చింది ఆ ముక్క.

"ఒసే, లైసెన్సు నీ పేరు మీదున్నాది. రసీదు నీ సేత్తో రాసేవు. కేసంటే నీ మీదే అవుతాది. నాకేటి?"

అని నా చేత మళ్ళీ పప్పు వేయించుకున్నాడు. నోట్లో మెతుకులతోనే ఫోన్లో పృథ్వీరాజ్‌తో నవ్వాడు. ఇరవై ఏడేళ్ళుగా ఆ నోటికి వండి పెడుతున్నాను, ఇవాళే మొదటిసారి చూసినట్టుంది. పెదాల చివర పప్పు, ఆ నవ్వు. రోత.

రసీదు నాన్న ఫోటో వెనక పెట్టాను.

సెప్టెంబరు 27, శుక్రవారం

ధ్రువపత్రం రాసిచ్చేశాను. "1878 నాటి అసలైన మార్టినీ హెన్రీ. పేల్చు సూది తొలగించబడినది. కర్రపై ఎర్రని చేతి గుర్తు కలదు. మిక్కిలి పాతది." ఒక్క అబద్ధం లేదు. రక్తమని రాయలేదు, ఎవరిదనీ రాయలేదు. ఇంత శుభ్రమైన కాగితం నా జన్మలో రాయలేదు.

"ఆ సెయ్యి మీద వార్నీసు ఏసీండి, ఎరుపు పోకుండా ఉంతాది," అన్నాడు పృథ్వీరాజ్. వేస్తే పాత కళ పోతుందన్నాను, నమ్మాడు. అసలు కారణం వేరు. దసరా పూజలో ఆయుధం మీద నిమ్మకాయ కోసి పిండుతారు. సోడా వల్ల వచ్చిన ఎరుపు పులుపు తగిలితే విరిగిపోతుంది. చిటికెన వేలి కొస మీద ఒక్క చుక్క వేసి చూశాను, ఆ మేరకి పచ్చగా తిరిగింది. మళ్ళీ సోడా గుడ్డతో అద్ది ఎరుపు చేశాను.

ఊరందరి ముందూ ఆ రక్తం పసుపైపోతుంది. ఎవరో ఇల్లాలి చెయ్యని అందరికీ తెలిసిపోతుంది. నేను నోరు విప్పక్కర్లేదు, నా లైసెన్సు మీదకీ రాదు. నిమ్మకాయే చెప్తుంది. ఈ ఆలోచన వచ్చినప్పటి నుంచి కొంచెం నిద్ర పడుతోంది.

అక్టోబరు 4, శుక్రవారం

జగ్గమ్మ మళ్ళీ వచ్చింది. సిరిమాను జాతర బందోబస్తు అవగానే కేసు రాసి తీసుకుపోతామన్నారట. బియ్యం, పప్పు కూతురింట్లో అప్పజెప్పి వచ్చానంది. జైలుకి వెళ్ళేముందు ఇల్లు సర్దుకుంటోంది, తీర్థయాత్రకి వెళ్తున్నదానిలా.

"దసరానాడు సాలూరు రా," అన్నాను. "మందిరం తెరుస్తన్నారు. అక్కడ నీ తుపాకీ కనబడతాది."

"నువ్వుంతావు గదమ్మా?"

"ఉంటాను."

అక్టోబరు 12, శనివారం, విజయదశమి

వేదిక మీద నన్ను కూర్చోబెట్టి శాలువా కప్పారు. పక్కన మా ఆయన, కొత్త చొక్కా, చంకల్లో చెమట. ఎదురుగా ముత్తాత విగ్రహం. నడిమి వేలు నరికిన చోట సిమెంటు ఇంకా తెల్లగా ఉంది. ఒక కుర్చీ అవతల మైకు.

అద్దాల పెట్టె తెరిచి పంతులుగారు కుంకుమ పెట్టారు, నిమ్మకాయ కోశారు, పిండారు. రసం కర్ర మీద జారింది. ఎరుపు విరిగింది. ముందు వేళ్ళ కొసలు, తర్వాత అరచెయ్యి. నేను అనుకున్నట్టే అయింది, కళ్ళ ముందు పచ్చటి పసుపు చెయ్యి. జనం మెడలు సాచి చూశారు. ఇప్పుడు, ఇప్పుడు ఎవరో ఒకరు అంటారు, ఇది రక్తం కాదు పసుపని.

"అమ్మోరి మహిమ!" అని అరిచాడు పృథ్వీరాజ్ మైకులో. "మా ముత్తాత రక్తం పసుపైపోనాది! ఆత్మ శాంతించినాది! సూడండి, మీ కళ్ళతో సూడండి!"

డప్పులు. కొబ్బరికాయలు. ఇంట్లో పారాణి కలుపుకునే ఆడవాళ్ళే, నా ఈడువాళ్ళే, వరస కట్టి ఆ పసుపు వేలితో అద్దుకుని కళ్ళకి రాసుకుంటున్నారు. వాళ్ళకి తెలియదా? తెలిసిన నేను కూర్చోలేదూ, శాలువా కప్పుకుని?

వరసలో జగ్గమ్మ వచ్చింది. చెప్పులు విడిచింది. ఎవరికేసీ చూడలేదు. ప్రతి దసరాకీ చేసినట్టే కళ్ళు మూసుకుని కుడి చెయ్యి ఆ చేతి మీద పెట్టింది. వేలికి వేలు, తెగిన కణుపుకి తెగిన కణుపు, సరిగ్గా కూర్చుంది.

"ఒలమ్మా, ఇది మాదే! రాగి రేకు సూడండి. మా ఇంటి తుపాకే ఇది! నా సెయ్యే ఇది!"

"ముసిలామెకి పూనకమొచ్చీసినాది," అని నవ్వాడు పృథ్వీరాజ్. "పక్కకి కూకోబెట్టండిరా."

పూనకమనగానే జనం చేతులు జోడించారు. ఎవత్తో వచ్చి జగ్గమ్మ కాళ్ళ మీద పడి, "మా ఆయనకి ఉద్యోగం వస్తాదా తల్లీ," అని అడుగుతోంది. జగ్గమ్మ వాళ్ళని తోసుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు సెప్పమ్మా. కాయితం నీకిచ్చీసేను గదా. నీకు తెల్సు గదా. సెప్పు."

మైకు చేతికందే దూరంలో ఉంది.

అక్టోబరు 13

చెప్పలేదు. శాలువా సర్దుకున్నాను.

అక్టోబరు 15, మంగళవారం

సిరిమాను. ఊరేగే అమ్మవారి మాను మీదకి అరటిపళ్ళు విసిరే జనం హోరు వీధిలోంచి లోపలికి వినబడుతోంది. వెళ్ళలేదు. ఈ చేతులతో ఏ అమ్మవారికి అరటిపండు విసరను?

చేతులు కడుక్కున్నాను. నీళ్ళు నీళ్ళలాగే పోయాయి. ఎర్రబడితేనే బాగుండేది.

ఇన్నాళ్ళూ పృథ్వీరాజ్ అంటే రోత, మా ఆయనంటే రోత అని పేజీలు నింపాను. వాళ్ళు దొంగలు, దొంగల్లాగే ఉన్నారు. నిమ్మకాయ చేత సాక్ష్యం చెప్పించాలనుకున్నది నేనొక్కదాన్నే.

అక్టోబరు 17, గురువారం

పొద్దున్నే నాన్న ఫోటో వెనక నుంచి రసీదు తీశాను. మా ఆయన చూశాడు. "ఎల్తే మరి ఈ ఇంటికి రాకు," అన్నాడు. ఇల్లు మా నాన్నది. ఆ సంగతి ఆయనకి గుర్తు చేసి చెప్పులు వేసుకున్నాను.

జగ్గమ్మని వాళ్ళ ఊరెళ్ళి ఆటో ఎక్కించుకున్నాను. నెల్లిమర్ల మిల్లు దాటాక అడిగింది.

"ఆనాడెందుకు సెప్పలేదమ్మా?"

"బయమేసింది."

"నాకూ ఏసినాది," అంది. "అయినా సెప్పేను గదా."

ఆవిడ రోడ్డు వైపు తిరిగిపోయింది.

స్టేషన్లో ఎస్సై రసీదు విప్పి పైకి చదివాడు. భద్రముగా ఉంచి, అడిగిన వెంటనే తిరిగి ఇవ్వగలము. చదివి, ఎవరి రాత ఇది అన్నాడు. జగ్గమ్మ నాకేసి చూసింది.

"నాదండి," అన్నాను.

రైఫిల్ సాలూరు నుంచి స్వాధీనం చేసుకుంటారట. కోర్టు తేల్చేదాకా జగ్గమ్మకి రాదు. ఆవిడ మీద మాత్రం కేసు ఉండదు. నా లైసెన్సు పుస్తకం బల్ల మీద పెట్టమన్నారు, పెట్టాను. జగ్గమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నారు. సిరా అంటిన వేలు చీరకి తుడుచుకుని, "అయితే నానిప్పుడు ఇంటికెల్లిపోవొచ్చా బాబూ?" అని రెండుసార్లు అడిగింది.

స్టేషన్లో రాతకోతలు చూసే రైటర్ నాకు తెల్లకాగితం ఇచ్చి జరిగింది జరిగినట్టు రాయమన్నాడు. రాశాను. రాగి రేకు, గొడుగు, సోడా, ధ్రువపత్రం, నిమ్మకాయ, మైకు. మైకు సంగతి కేసుకి అక్కర్లేదన్నాడు. ఉండనివ్వండి అన్నాను.

ఆయన నా కాగితాన్నీ పాత రసీదునీ పక్కపక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"ఐదేళ్ళయినా రాత మారలేదమ్మా మీది," అన్నాడు.